మూడు నిమిషాల వెతుకులాట

పన్నెండో హోల్ దగ్గర నా బంతి కుడివైపు చెట్లలోకి పోయింది. అక్టోబరు చివరి వారం. న్యూజెర్సీలో కౌంటీ పార్కుల శాఖ నడిపే మైదానం. ఓక్, మేపుల్ చెట్లు ఒంటిమీదున్నదంతా దులిపేసి నిలబడ్డాయి. చీలమండ లోతున పేరుకున్న ఆకుల్లో ఎటు చూసినా పసుపు, ఎరుపు, గోధుమ రంగులే. వాటి కింద ఎక్కడో ఒక తెల్లబంతి. అది ఏ చెట్టు పక్కగా దూరిందో కళ్లారా చూశాను, కాబట్టి అక్కడే ఉండి తీరాలి. క్లబ్బుతో ఆకులు కెలికాను, కాలితో తోశాను, చూసిన చోటే మళ్లీ చూశాను. ఆ బంతి పెద్ద ఖరీదైనదేమీ కాదు, సంచిలో అలాంటివి ఇంకో పదున్నాయి. కానీ అంతకు ముందు పదకొండు హోల్స్ ఎన్నడూ ఆడనంత బాగా ఆడాను. ఆ ఉదయమంతా ఆకుల కింద పడిపోయినట్టుంది నాకు.

"వచ్చెయ్యి బాబూ, మూడు నిమిషాలైంది" అన్నారు మాస్టారు.

మా నలుగురిలో ఆయనే పెద్ద. తెనాలి వైపు ఒక కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరై, కూతురి దగ్గరికి వచ్చి, అరవై మూడో ఏట ఈ ఆట పట్టారు. ఆట నియమాల పుస్తకాన్ని ఆయన సిద్ధాంతి పంచాంగం చదివినంత శ్రద్ధగా చదువుతారు. 2019లో గోల్ఫ్ నియమాలు మార్చినప్పుడు, కనబడని బంతిని వెతకడానికి ఇచ్చే గడువును ఐదు నిమిషాల నుంచి మూడుకు తగ్గించారు. మూడు దాటాక బంతి కాలికి తగిలినా లాభం లేదు. అది పోయిన బంతే. కొత్త బంతి తీసుకోవాలి, జరిమానా వేసుకోవాలి, ఆట సాగించాలి.

నేను బయటికి వచ్చాను. చేతిలో నా బంతి లేదు. కెలుకుడులో దొరికిన ఇంకెవరిదో పాత బంతి ఉంది. దానిమీద ఆకుపచ్చ సిరాతో పెట్టిన రెండు చుక్కలు. జేబులో వేసుకున్నాను. ఆ మైదానంలో అమల్లో ఉన్న స్థానిక నియమం ప్రకారం రెండు దెబ్బల జరిమానాతో ఫెయిర్‌వే అంచున కొత్త బంతి వదిలి కొట్టాను. నెత్తిమీద తగిలి ముప్ఫై గజాలు పాకింది. తర్వాతిది ఇసుక గుంటలో పడింది. ఇసుకలోంచి బయటపడడానికి రెండు పట్టాయి. నాలుగు దెబ్బల్లో ముగియాల్సిన హోల్‌లో నా లెక్క తొమ్మిది. అదనంగా పడిన ఆ ఐదింటిలో పోయిన బంతి వల్ల వచ్చినవి రెండే. మిగిలినవన్నీ కొత్త బంతి కొడుతూ పాత బంతి గురించి ఆలోచించడం వల్ల వచ్చాయి.

గతజల సేతుబంధనం అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. పారిపోయిన నీటికి గట్టు కట్టడం. గోల్ఫ్ మైదానంలో మనం చేసే కష్టంలో సగం ఆ గట్టు పనే. అయితే ఈ ఆటను కొన్ని వందల ఏళ్లుగా ఆడుతూ వచ్చినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే చెడిన దెబ్బను వదిలేసే పద్ధతులను ఆట లోపలే, నియమాల్లోనే, లెక్కల్లోనే, మర్యాదల్లోనే పెట్టుకున్నారు. వారాంతాల్లో సరదాకి ఆడే మనలాంటివాళ్లం స్వింగ్ నేర్చుకోవడానికి పెట్టే శ్రమలో పదో వంతు వీటిమీద పెడితే చాలనిపిస్తుంది నాకు.

రాతలో మనకు దొరుకుతున్న తొలి గోల్ఫ్ నియమాలు 1744లో ఎడిన్‌బరో పక్కనున్న లీత్‌లో రాసుకున్నవి. మొత్తం పదమూడు. బంతి పోతే ఏం చేయాలో అందులోనే ఉంది: కొట్టిన చోటికి వెనక్కి వెళ్లి ఇంకో బంతి వేసుకోవాలి, ఎదుటివాడికి ఒక దెబ్బ ఇవ్వాలి. ఆ ఒక్క దెబ్బ ఎందుకంటే, వాళ్లు వాడిన మాటకు అర్థం దురదృష్టం. నేరమనో, తప్పనో, చేతకానితనమనో రాయలేదు. దురదృష్టానికి ఇంత అని వెల కట్టి, ఆ వెల చెల్లించాక ముందుకు నడవమన్నారు. దాదాపు మూడు శతాబ్దాల కిందట ఆ స్కాట్లండ్ పెద్దమనుషులు ఎంచుకున్న మాట మీద నాకు చాలా గౌరవం.

దురదృష్టం అనడం సమంజసమే. ఆడుతున్న పని ఎలాంటిదో చూడండి. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములు మించకూడదు. అంటే పెద్ద ఉసిరికాయంత. దాన్ని ఒక మీటరుకు పైగా పొడవున్న కర్ర చివర ఉన్న తలతో కొట్టాలి. ఆ తల మన వెనకనుంచి పెద్ద చక్రంలా తిరిగి వచ్చి బంతిని తాకి ఉండేది సెకనులో రెండువేలో వంతు, కాస్త అటూ ఇటూగా. ఆ క్షణంలో తల ముఖం రెండు డిగ్రీలు తెరుచుకుని ఉంటే చాలు, రెండొందల గజాల అవతల బంతి గడ్డిలో కాక చెట్లలో ఉంటుంది. చివరికి చేరాల్సిన గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఇందులో తప్పడం సహజం. సరిగ్గా తగలడమే విశేషం.

ఇదే వృత్తిగా బతికేవాళ్ల లెక్కలు తెలిశాక నాకు ఈ మాట మరింత గట్టిపడింది. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడేవాళ్లు పద్దెనిమిది హోల్స్‌లో నిర్ణీత దెబ్బల్లో గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) చేరేది సగటున పన్నెండింటిలోనే. గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బను పట్ అంటారు. ఎనిమిది అడుగుల దూరం నుంచి వాళ్లు పట్ వేస్తే లోపల పడేది రెండింట్లో ఒకటి. ఎనిమిది అడుగులంటే మన ఇళ్లలో మంచం దాటి రెండడుగులు. ప్రపంచంలో అందరికంటే బాగా ఆడేవాళ్లు అంత దగ్గర్నుంచి సగంసార్లు తప్పుతుంటే, నెలకు రెండుసార్లు మైదానం తొక్కే మనం నాలుగడుగుల పట్ తప్పిందని ఇంటికెళ్లాక కూడా ముఖం ముడుచుకుంటాం.

1920ల్లో వాల్టర్ హేగెన్ అనే మహా ఆటగాడు ఉండేవాడు. పదకొండు మేజర్ టైటిళ్లు గెలిచాడు. ప్రతి రౌండులో కనీసం ఏడు చెడ్డ దెబ్బలు పడతాయని ముందే లెక్కేసుకుని బయల్దేరేవాడట. అలాంటి దెబ్బ పడగానే అది ఆ ఏడింటిలో ఒకటని జమకట్టి నడిచిపోయేవాడు. నేను దీన్ని నా స్థాయికి మార్చుకున్నాను. నాది ముప్ఫై. ఆట మొదలుపెట్టే టీ దగ్గర నిలబడేముందు ముప్ఫై చెడ్డ దెబ్బలకు అనుమతి ఇచ్చుకుంటాను. పెళ్లి ఖర్చు ముందే రాసుకున్నవాడికి మండపంవాడు బిల్లు తెచ్చినప్పుడు గుండె జారదు కదా, అలాగన్నమాట. నిరుటి వేసవిలో ఒకరోజు ఇరవై రెండింటితో ముగించాను. ఆ రోజు నా స్కోరెంతో గుర్తులేదు గానీ ఎనిమిది మిగిలాయన్న సంతోషం గుర్తుంది.

చెడ్డ దెబ్బ వెనకే రెండో చెడ్డ దెబ్బ ఎందుకు వస్తుందో తెలుసుకోవడం అవసరం. మనసు పాడైంది, అందుకే ఆట పాడైందని తేల్చేస్తాం. నిజానికి కోపం నేరుగా చేతుల్లోకి దిగుతుంది. పిడికిలి బిగుస్తుంది. దాంతో ముంజేతి కండరాలు గట్టిపడతాయి, మణికట్లు వంగవు, భుజాలు పూర్తిగా తిరగవు. సగంలోనే ఆగిపోయిన స్వింగ్‌కు బలం చాలదని తోచి, పైనుంచి చేతులతో ఒక్క విసురున కొడతాం. క్లబ్ బయటినుంచి లోపలికి కోస్తూ వస్తుంది. బంతి మళ్లీ కుడికే పోతుంది. ఇది వేదాంతం కాదు, కీళ్ల కదలిక. అంచేత దీనికి మందు కూడా ఒంటినుంచే మొదలవ్వాలి. "కోపం తెచ్చుకోకు" అని మనసుకు చెప్పడం వల్ల ఎవరి పిడికిలీ సడలలేదు.

కోపం గురించి చెప్పాలంటే బాబీ జోన్స్ గురించి చెప్పాలి. కాస్త తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన కథ అది.

అట్లాంటా కుర్రాడు. పద్నాలుగేళ్లకే, 1916లో, అమెరికా జాతీయ అమెచ్యూర్ పోటీలో ఆడాడు. ఎంత గొప్పగా ఆడేవాడో అంత కోపిష్టి. దెబ్బ తప్పితే క్లబ్బు గిరాటేసేవాడు. పత్రికలవాళ్లు ఆ కోపం గురించి కూడా రాశారు. 1921లో, పందొమ్మిదేళ్ల వయసులో, గోల్ఫ్‌కు పుట్టినిల్లనదగ్గ సెయింట్ ఆండ్రూస్‌లో తొలిసారి బ్రిటిష్ ఓపెన్ ఆడాడు. మూడో రౌండులో మొదటి తొమ్మిది హోల్స్‌కే నలభై ఆరు దెబ్బలయ్యాయి. పదోది కూడా పాడైంది. పదకొండో హోల్‌లో బంతి హిల్ అనే ఇసుక గుంటలో పడింది. బయటికి రాలేదు. చివరికి బంతిని చేత్తో తీసుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు. ఆట మధ్యలో వదిలేసి పోవడమన్నది ఆ ఊళ్లో చేయకూడని పని. ఆ పని చేసినందుకు జోన్స్ జీవితాంతం సిగ్గుపడ్డాడు.

తర్వాత ఆయన మారాడు. ఎలా మారాడో ఒక్క సంఘటనతో తెలుస్తుంది. 1925లో వూస్టర్‌లో యూఎస్ ఓపెన్. మొదటి రౌండులో పొడవాటి గడ్డిలో ఉన్న బంతిని కొట్టడానికి సిద్ధమవుతుంటే అది రవ్వంత కదిలిందని ఆయనకు అనిపించింది. ఇంకెవరూ చూడలేదు. అధికారులు అడిగినా ఎవరూ చూశామనలేదు. అయినా తనమీద తనే ఒక దెబ్బ జరిమానా వేసుకున్నాడు. పోటీ ముగిసేసరికి విల్లీ మక్‌ఫార్లెన్‌తో సమానంగా నిలిచాడు. విజేతను తేల్చడానికి మళ్లీ ఆడిన ఆటలో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. ఆ జరిమానా లేకపోతే అసలు ఆ మలి ఆటే ఉండేది కాదు. నిజాయితీ అని ఈ సంఘటనను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. నాకు అందులో ఇంకొకటి కూడా కనబడుతుంది. నాలుగేళ్ల కిందట చెడిన దెబ్బను భరించలేక బంతిని జేబులో వేసుకున్న కుర్రాడు ఇప్పుడు ఎవరూ చూడని తప్పుకు కూడా వెల చెల్లించి, లెక్క రాసుకుని, తర్వాతి దెబ్బకు నడవగలుగుతున్నాడు.

1927లో ఆయన సెయింట్ ఆండ్రూస్‌కు తిరిగి వెళ్లి అదే ఓపెన్ గెలిచాడు. 1930లో ఆ కాలపు నాలుగు పెద్ద పోటీలనూ ఒకే ఏడాదిలో గెలిచాడు. అంతవరకూ ఒక్క పైసా తీసుకోకుండా అమెచ్యూర్‌గానే ఆడాడు. వృత్తికి లాయరు. ఇరవై ఎనిమిదేళ్లకే పోటీ ఆట చాలించుకున్నాడు. మధ్యవయసులో వెన్నుపాము జబ్బు వచ్చి నడక పోయింది. 1958లో సెయింట్ ఆండ్రూస్ పట్టణం ఆయనను పిలిచి పౌర గౌరవం ఇచ్చింది. ఒక అమెరికన్‌కు ఆ ఊరు ఆ గౌరవం ఇవ్వడం 1759లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తర్వాత అదే మొదలు. తన జీవితంలోంచి సెయింట్ ఆండ్రూస్ అనుభవాలు తప్ప మిగతావన్నీ తీసేసినా నిండుగానే బతికినట్టు లెక్క అన్న అర్థంలో ఆ సభలో మాట్లాడాడు. తను బంతి ఎత్తుకుని వెళ్లిపోయిన ఊరు గురించి ఆయన అన్న మాట అది. పదకొండో హోల్ ఇసుక గుంట కూడా ఆ నిండుదనంలో భాగమే.

జోన్స్ అంతవాడికి మారడానికి ఏళ్లు పట్టింది. మనకు ఆదివారం ఉదయానికి పనికొచ్చే చిన్న చిన్న పద్ధతులు కావాలి. ఉన్నాయి కూడా. టైగర్ వుడ్స్ పాటించే పద్ధతి చాలామంది విన్నదే: దెబ్బ చెడితే తిట్టుకో, మండిపడు, కానీ పది అడుగుల వరకే. పదో అడుగు దాటాక దాని ఊసు లేదు. ఇది నాకెందుకు నచ్చుతుందంటే ఇందులో నటన లేదు. కోపం రావద్దని చెప్పడం లేదు. వచ్చిన కోపానికి హద్దురాయి పాతుతోంది, అంతే. పొలం గట్టులాగా.

పియా నీల్సన్, లిన్ మారియట్ అనే ఇద్దరు శిక్షకురాళ్లు ఇంకో గీత గీశారు. బంతికి కాస్త వెనక ఒక ఊహా గీత. గీతకు ఇవతల ఆలోచించాలి: దూరమెంత, గాలి ఎటు, ఏ క్లబ్. గీత దాటాక ఆలోచన లేదు, ఆటే. స్వీడన్‌కు చెందిన అన్నికా సోరెన్‌స్టామ్ ఈ సంప్రదాయంలో పెరిగిన ఆటగత్తె. 2001లో ఫీనిక్స్‌లో ఒకే రౌండు 59 దెబ్బల్లో ముగించింది. మహిళల అధికారిక టూర్‌లో అంతవరకూ ఎవరూ చేయని పని. నేను ఆ గీతను మన గడపగా అనుకుంటాను. చెప్పులు గడప ఇవతల విడిచినట్టు పోయిన దెబ్బను కూడా అక్కడే విడవాలి.

టిమొతీ గాల్వే టెన్నిస్ మీద 1974లో రాసిన పుస్తకం తర్వాత గోల్ఫ్ మీద కూడా రాశాడు. ఆయన చెప్పేదేమిటంటే, మనలో ఒకడు ఆడేవాడు, ఇంకొకడు సలహాలిచ్చేవాడు. సలహాదారుడి నోరు మూయిస్తే ఆడేవాడు తన పని తను చేసుకుంటాడు. మూయించడానికి అతనికి ఒక పని అప్పజెప్పాలి. క్లబ్ వెనక్కి పూర్తిగా వెళ్లినప్పుడు ఒక మాట, బంతిని తాకినప్పుడు ఒక మాట లోలోపల పలుకుతూ ఉండాలి. ఆయన ఇంగ్లిష్ మాటలు నాకు పట్టుబడలేదు. "పైకి... తాకు" అనుకుంటాను. రెండు మాటల మధ్య ఉన్న ఆ చిన్న విరామంలోనే స్వింగ్ లయ ఉంది. పన్నెండో హోల్‌లో తొమ్మిది కొట్టాను కదా, అందులో కొత్త బంతి వదిలినప్పటినుంచి ఇసుకలోంచి బయటపడేదాకా కొట్టిన ఆ నాలుగు దెబ్బలప్పుడు నా లోపల ఆ రెండు మాటల్లో ఒక్కటీ లేదు.

మాస్టారిది మరీ సులువైన పద్ధతి. దెబ్బ ఎలా పడ్డా సరే, పడగానే ఎడమచేతి గ్లవ్ పట్టీ చర్రున విప్పేస్తారు. ఆ చప్పుడుతో ఆ దెబ్బ ఖాతా మూసినట్టు. బంతి దగ్గరికి చేరి, క్లబ్ ఎంచుకున్నాకే మళ్లీ బిగిస్తారు. మధ్యలో నడిచినంతసేపు చెయ్యి ఖాళీగా, గాలికి ఉంటుంది. ఆ నడకలోనే ఆయన చెట్ల గురించి, మనవరాలి గురించి, తెనాలిలో తను ఇంటర్ పిల్లలకు త్రికోణమితి చెప్పిన రోజుల గురించి చెబుతారు. నాలుగున్నర గంటల ఆటలో బంతిని నిజంగా కొట్టే కాలం అంతా కలిపితే కొన్ని నిమిషాలే. తక్కినదంతా నడకే. ఆ నడకను వెనకటి దెబ్బకు అప్పగిస్తే ఆదివారాన్ని మొత్తంగా అప్పగించినట్టే.

దెబ్బ బాగా పడ్డప్పుడు మాత్రం తొందరపడకండి. ఈ విషయంలో మనం తలకిందులుగా ప్రవర్తిస్తాం. చెడ్డ దెబ్బను పదిసార్లు నెమరేసి, మంచి దెబ్బ పడితే "ఏదో తగిలిందిలే" అని తలదించుకుని బండెక్కేస్తాం. ఇక్కడ మన వినయం మనకే చేటు. బంతి నేల తాకేదాకా నిలబడి చూడండి. చేతుల్లో ఆ తాకిడి ఎలా ఉందో గుర్తుపెట్టుకోండి. తర్వాతి దెబ్బకు చేతులు వెతుక్కునేది దాన్నే.

ఇక లెక్కల సంగతి. ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అనే వైద్యుడు రూపొందించిన పద్ధతిలో లివర్‌పూల్ దగ్గరి వాలసీ క్లబ్‌లో 1932 మే నెలలో పోటీ జరిగింది. దెబ్బలు లెక్కించే పోటీల్లో ప్రతి దెబ్బా లెక్కే. మొదటి హోల్‌లో పది కొడితే ఆ రోజు అయిపోయినట్టే. స్టేబుల్‌ఫర్డ్ దాన్ని తిరగేశాడు. దెబ్బలు లెక్కించొద్దు, ప్రతి హోల్‌కూ పాయింట్లు ఇద్దామన్నాడు. మీ హ్యాండిక్యాప్, అంటే ఆట స్థాయిని బట్టి దక్కే దెబ్బల మినహాయింపు, తీసేశాక పార్, అంటే ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్య, వస్తే రెండు, ఒకటి ఎక్కువైతే ఒకటి, ఒకటి తక్కువైతే మూడు. రెండు ఎక్కువైతే సున్నా. అక్కడితో సరి. ఆరు ఎక్కువైనా సున్నాయే. హోల్ చెడిందని తెలియగానే బంతి తీసి జేబులో వేసుకుని తర్వాతి టీకి నడవొచ్చు. జోన్స్ 1921లో చేస్తే తలవంపులైన పనిని ఈ డాక్టరు మర్యాదైన పనిగా మార్చాడు. సరదాకి ఆడే ప్రతి గుంపూ ఈ పద్ధతిలో ఆడాలని నా గట్టి అభిప్రాయం. వెనక వస్తున్న గుంపు కూడా మనకు దణ్ణం పెట్టుకుంటుంది.

2020 నుంచి ప్రపంచమంతటా ఒకే హ్యాండిక్యాప్ పద్ధతి వచ్చింది. అందులో మీ ఆఖరి ఇరవై రౌండ్లలో మేలైన ఎనిమిదినే లెక్కలోకి తీసుకుంటారు. మిగిలిన పన్నెండూ పక్కకు పోతాయి. ఇరవైలో పన్నెండు! మన ఆట స్థాయి ఎంతో తేల్చేవాళ్లే మన రౌండ్లలో సగానికి పైగా, చెడ్డవాటిని, పట్టించుకోవడం లేదు. మనమే వాటిని మోసుకుని తిరుగుతున్నాం.

మలిగన్ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. మొదటి టీ దగ్గర దెబ్బ చెడితే స్నేహితులు "మళ్లీ కొట్టు" అంటారు, లెక్కలోకి రాదంటారు. మలిగన్ అంటే అదే. నియమాల పుస్తకంలో అలాంటిది లేదు. పొద్దున్నే కారు దిగి నేరుగా వచ్చినవాడికి ఒక్కటి ఇస్తే ఇచ్చారు. కానీ నాలుగు హోల్స్‌కు ఒకటి చొప్పున ఇచ్చుకునే గుంపులను చూశాను. అది వదిలేయడం కాదు, చెరిపేయడం. తొమ్మిది కొడితే తొమ్మిదే రాయాలి. అంకె కాగితం మీదికి వెళ్తేనే తలలోంచి దిగుతుంది. చెరిపిన అంకె సాయంత్రం భోజనాల దగ్గర మళ్లీ పైకి లేస్తుంది, "అసలు నేను ఆ రోజు..." అంటూ. లీత్ పెద్దమనుషులు చెప్పింది వెల చెల్లించి నడవమనే. వెల ఎగ్గొట్టినవాడికి వెనక్కి చూస్తూనే నడవాల్సి వస్తుంది.

మనం వదిలేయాల్సినవాటిలో ఎదుటివాడి దెబ్బ కూడా ఉంది. 1969లో ఇంగ్లండ్‌లోని రాయల్ బర్క్‌డేల్‌లో బ్రిటన్, అమెరికా జట్ల మధ్య రైడర్ కప్ ఆఖరి హోల్‌లో బ్రిటన్ ఆటగాడు టోనీ జాక్లిన్ రెండు మూడు అడుగుల పట్ వేయాల్సి ఉంది. అది తప్పితే అమెరికా గెలుస్తుంది. అమెరికా ఆటగాడు జాక్ నిక్లస్ తన పట్ వేసేసి, జాక్లిన్ బంతి గుర్తును తనే తీసి చేతిలో పెట్టాడు. అది పడ్డట్టే లెక్క. పోటీ 16–16తో సమానమైంది. అమెరికా జట్టులో కొందరికి అది నచ్చలేదంటారు. నాకు మాత్రం ఆ రెండడుగులు మొత్తం రైడర్ కప్ చరిత్రలో అన్నిటికంటే పెద్ద దూరం.

మన తెలుగు గుంపులకు ఈ విషయంలో ఒక మాట చెప్పాలి. మనం మనసున్నవాళ్లం, అందుకే సలహాలు ఎక్కువ. "అన్నా, తల ఎత్తేశావ్." "బావా, మోచెయ్యి వంగింది." "నిన్న యూట్యూబ్‌లో చూశాను, బొటనవేలు ఇలా పెట్టాలట." పాపం, దెబ్బ చెడినవాడికి అది చెడిందని తెలుసు. ఆ క్షణంలో ముగ్గురికీ పాఠం చెప్పాలనిపిస్తే, అతను తర్వాతి దెబ్బను ముగ్గురి కోసం కొట్టాల్సి వస్తుంది. స్కాట్లండ్‌లో పాత ఆటగాళ్లు ఇలాంటప్పుడు పెద్దగా ఏమీ అనరు. బంతి ఎక్కడ పడిందో గమనించి, కొట్టినవాడితో పాటు అటు నడుస్తారు. తోడు నడవడమే ఓదార్పు. మాస్టారు ఆ రోజు నాతో అన్నది ఆ ఒక్క వాక్యమే. మిగతా హోల్ అంతా ఆయన నా స్వింగ్ ఊసు ఎత్తలేదు.

ఈ ఆటకూ మనకూ లంకె కొత్తది కాదు. బ్రిటిష్ దీవుల బయట అన్నిటికంటే పాత గోల్ఫ్ క్లబ్ 1829 నాటి కలకత్తాది. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా గోడల నీడన ఇప్పుడొక గోల్ఫ్ మైదానం ఉంది. లంకె అటువైపు నుంచి కూడా ఉంది. 1956లో మైకేల్ మర్ఫీ అనే అమెరికన్ యువకుడు పాండిచ్చేరి అరవిందాశ్రమానికి వస్తూ దారిలో సెయింట్ ఆండ్రూస్‌లో ఒక రౌండు ఆడాడు. ఆ రెండింటినీ కలిపి నేసి 1972లో ఒక గోల్ఫ్ నవల రాశాడు. స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ 1995లో రాసిన 'ద లెజెండ్ ఆఫ్ బ్యాగర్ వాన్స్' నవలకు భగవద్గీతే పునాది. బ్యాగర్ వాన్స్ పేరులో భగవాన్, ఆటగాడు ఆర్. జూనా పేరులో అర్జునుడు వినబడతారు. హేగెన్, జోన్స్ ఇద్దరూ అందులో పాత్రలు.

అయినా ఫలం ఆశించకుండా ఆడమని నేను ఎవరికీ చెప్పను. బంతి జెండా పక్కన ఆగాలని కోరుకోకపోతే ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి ఎందుకు లేస్తాం? కోరిక ఉండాలి. క్లబ్ పట్టుకున్నప్పుడు గట్టిగానే ఉండాలి. బంతి గాల్లోకి లేచాక దాని దారి దానిది. ఆ రెంటి మధ్య ఉన్న సెకనులో రెండువేలో వంతే మనది.

2025 ఏప్రిల్‌లో మాస్టర్స్ ఆఖరి రోజు మా ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. రోరీ మెకిల్రాయ్ పధ్నాలుగేళ్లుగా ఆ పోటీ కోసం ఎదురుచూస్తున్నాడు. 2011లో ఆఖరి రోజు ఆధిక్యంలో ఉండి 80 కొట్టి చేజార్చుకున్నవాడు. ఈసారి మొదటి హోల్‌లోనే పార్ కంటే రెండు ఎక్కువ. పదమూడో హోల్‌లో చేతిలో వెడ్జ్‌తో, తేలికైన దెబ్బ, బంతిని వాగులో వేశాడు. అక్కడా రెండు ఎక్కువే. ఆ వారం మొత్తం మీద అలాంటి హోల్స్ నాలుగు. మా అబ్బాయి లేచి వెళ్లిపోయాడు, ఇక చూడలేనని. పదిహేనో హోల్‌లో చెట్లను చుట్టి మెకిల్రాయ్ కొట్టిన దెబ్బ గ్రీన్ మీద గుంటకు కొన్ని అడుగుల దూరంలో ఆగింది. పద్దెనిమిదో హోల్‌లో గెలుపు పట్ తప్పాడు. మళ్లీ అదే హోల్‌ను జస్టిన్ రోజ్‌తో ఆడి, ఈసారి గుంటకు అతి దగ్గరగా వేసి గెలిచాడు. మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. నాలుగు డబుల్ బోగీలతో మాస్టర్స్ గెలిచినవాడు అంతకు ముందు లేడు. వెళ్లిపోయిన మా అబ్బాయి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాడు.

ఏప్రిల్ మూడో వారంలో మా మైదానం మళ్లీ పచ్చబడింది. పన్నెండో హోల్ కుడిపక్క చెట్లకు లేత చిగుళ్లు. ఆకులన్నీ శీతాకాలంలో ఊడ్చేశారు, నేల కనబడుతోంది. నా బంతి కోసం చూశానంటే అబద్ధం కాదు. కనబడలేదు. మాస్టారు అప్పటికే టీ మీద నిలబడి గ్లవ్ బిగిస్తున్నారు. నా వంతు వచ్చింది. సంచి జేబులో చెయ్యి పెడితే ఆకుపచ్చ సిరా చుక్కల బంతి తగిలింది. ఎవరో ఒకరు ఎప్పుడో అక్కడ మూడు నిమిషాలు వెతికి వదిలేసి వెళ్లిన బంతి. టీ గుచ్చి దానిమీద పెట్టాను. చుక్కలు పైకి వచ్చేలా తిప్పాను.

"కానీ బాబూ" అన్నారు మాస్టారు.

పైకి... తాకు.